మెట్ల మీద ఆగిన ఊపిరి

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు వెళ్దాం.

‘మూయని తలుపు’ ఆల్బమ్ వినని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. పొలం పాటల బాణీలకు గిటారు తగిలించి, వెనకాల వయొలిన్‌ని ఏడిపించి, పెళ్ళాం వదిలేసి పోయిన బాధని ఒక పాటగాడు గుండె చీల్చుకుని పాడిన పాటలవి. ముప్పై ఏళ్ళు గడిచినా, ప్రేమలో దెబ్బతిన్న ప్రతివాడూ ముందు ఆ పాటలే వెతుక్కుంటాడు. ఆ పాటగాడి కూతురు పిచ్చుక. అది నాన్న పెట్టిన ముద్దుపేరు. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అమ్మ ఇల్లు వదిలి వెళ్ళేనాటికి పిచ్చుక ఇంకా బడికి కూడా పోని పిల్ల. అమ్మ చెల్లెలు వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయి, పెళ్ళి మాట కూడా ఎత్తకుండా ఆ పిల్లని పెంచి పెద్దచేసింది. ఇప్పుడు పిచ్చుక సౌండ్ ఇంజనీరు. నాన్న పాత టేపుల్ని శుభ్రం చేసి, ఆల్బమ్‌ని కొత్తగా తెచ్చే పని ఆమె చేతుల మీదే జరిగింది.

నాన్న గొంతులో పుండు. సోమవారం ఆపరేషను. స్వరపేటిక తీసేస్తారు. అందుకే ఆదివారం సాయంత్రం ఆ పాటలన్నీ వరసగా వేదిక మీద పాడేసి, ఇక గొంతుకి సెలవు చెప్పాలనుకున్నాడు. టికెట్లన్నీ అయిపోయాయి. శుక్రవారం పొద్దున హాలు కౌంటరు నుంచి పిచ్చుకకి ఫోను వచ్చింది. “మొదటి వరసలో ఒక సీటు మీ అమ్మగారు తీసుకున్నారండీ. చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్తున్నాను.”

ఏళ్ళ తరబడి మాటల్లేని ఆ అమ్మని వెతుక్కుంటూ పిచ్చుక ఆమె నడిపే డ్రైవింగ్ స్కూలు గుమ్మం ముందు స్కూటర్ ఆపింది.

ఇక ఈ వారం.

*

స్కూలంటే పెద్దగా ఏమీ లేదు. ఒక గది, ఒక బల్ల, గోడ నిండా ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు. బయట ఒక తెల్ల కారు, దాని నెత్తిన ఎర్ర అక్షరాల పలక. అమ్మ ఆ కారు అద్దాన్ని తడిగుడ్డతో రుద్దుతోంది. మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు మొత్తం నెరిసిపోయింది. నడుము మాత్రం వంగలేదు. కూతుర్ని చూసింది. చెయ్యి ఆపలేదు.

“లైసెన్సు కావాలా?” అంది.

“టికెట్టు కావాలి. నువ్వు కొన్నావుగా, అది. ఇలా ఇచ్చెయ్.”

“అరువు సామాను అడిగినట్టు అడుగుతున్నావే!”

“నాన్నకి ఇదే ఆఖరి పాట. నువ్వొచ్చి ఎదురుగా కూర్చుంటే ఆయన పాడలేడు.”

“నేను లేనని ఇన్నేళ్ళు పాడాడు. ఉన్నానని ఒక్కపూట పాడలేడా?”

పిచ్చుకకి ఒళ్ళు మండిపోయింది. దారి పొడుగునా మర్యాదగా మాట్లాడాలని అనుకుంటూ వచ్చింది. ఆ మర్యాద అంతా గుమ్మం దగ్గరే ఆవిరైపోయింది.

“సిగ్గులేదా నీకు? ఆయన మంచాన పడినప్పుడు రాలేదు. మందులకి రాలేదు. పండులాంటి మనిషి పుల్లలా అయిపోతే చూడ్డానికి రాలేదు. ఇప్పుడు తమాషా చూడ్డానికి ముందు వరసలో కూర్చుంటావా?”

“తమాషా అయితే వెనక వరస నుంచి కూడా కనిపిస్తుంది,” అంది అమ్మ, గుడ్డ పిండుతూ. “నాకు క్లాసు టైమైంది. మాట్లాడాలంటే వెనక సీట్లో కూర్చో. తిట్టాలన్నా అక్కడి నుంచే తిట్టు. లేకపోతే స్కూటర్ తీసుకుని పో.”

పోదామనే అనుకుంది పిచ్చుక. కానీ టికెట్టు అమ్మ సంచిలోనే ఉండాలి, ఆ సంచి కారులో ఉంది. విసురుగా వెళ్ళి వెనక సీట్లో కూర్చుని, కారు తలుపు ఊడిపోయేంత గట్టిగా వేసింది.

క్లాసుకి వచ్చినవాడు ఊరికి కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు. ముప్పై దాటని వయసు, గుండ్రటి మొహం, స్టీరింగుని పేషెంటు దవడ పట్టుకున్నట్టు రెండు చేతులా బిగించి పట్టుకుంటాడు. పక్క సీట్లో అమ్మ. ఆమె కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది. నేర్చుకునేవాడు కంగారుపడితే తనే తొక్కేస్తుంది. కారు ఈడ్చుకుంటూ, ఎగిరిపడుతూ రోడ్డెక్కింది.

“క్లచ్ అంత గబుక్కున వదలొద్దు డాక్టరుగారూ. పన్ను పీకినట్టు కాదు, కట్టు విప్పినట్టు వదలాలి.”

“అలాగే మేడమ్.” చెమట తుడుచుకుంటూ అతను అద్దంలో వెనక్కి చూశాడు. పిచ్చుక ఒళ్ళో పెట్టుకున్న తన సంచి మీద అచ్చువేసిన బొమ్మ కనిపించింది. సగం తెరిచిన తలుపు, దాని పక్కన గోడకి ఆనించిన గిటారు. అతని మొహం వెలిగిపోయింది.

“అయ్యో, మీరూ ‘మూయని తలుపు’ మనిషేనా! ఆదివారం వస్తున్నారా? నాకు టికెట్టు దొరకలేదండీ. మా క్లినిక్‌లో పొద్దున్నుంచీ అదే పెడతాను. పేషెంట్లు పంటి నొప్పి మర్చిపోయి ఆ నొప్పికి ఏడుస్తారు.”

“ముందు చూడండి,” అంది అమ్మ.

“చూస్తున్నా మేడమ్. ఆ ‘రెండో కప్పు’ పాట ఉందే… పొద్దున్నే అలవాటుకొద్దీ రెండు కప్పుల టీ పోస్తాడు. రెండోది ఎవరూ తాగరు. ‘చల్లారిన కప్పు కడగలేను, నీ పెదవి తగలని చోటు కూడా నీదే’ అంటాడు చూడండీ, అక్కడ నేను డ్రిల్లు ఆపేస్తాను. నన్నూ ఒకమ్మాయి వదిలేసిందిలెండి. నేనూ కొన్నాళ్ళు రెండు కప్పులు పోశాను. తర్వాత ఎసిడిటీ వచ్చి మానేశాను.”

పిచ్చుకకి నవ్వు రావాల్సింది. రాలేదు. అమ్మ మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది, అది రాయిలా ఉంది.

“ఇక ‘మెట్ల మీద’,” అన్నాడు డాక్టరు. రోడ్డు ఖాళీగా ఉండటంతో ధైర్యం వచ్చింది. “చివరి చరణానికి ముందు సంగీతం మొత్తం ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో ఒక తలుపు సన్నగా కిర్రుమంటుంది. అది నిజంగా ఆవిడ వెళ్ళిపోయిన తలుపేనట! అదే శబ్దం కావాలని ఆయన ఇంటి తలుపుని రికార్డు చేయించాడట. ఎంత గుండెకోత కోసి ఉంటుందండీ ఆ ఆడది! ఆ మహాతల్లి ఎప్పుడైనా నా కుర్చీలో కూర్చుంటే, మత్తుమందు లేకుండా పన్ను పీకేస్తాను. నిజం.”

కారు గక్కున ఆగిపోయింది. ముగ్గురూ ముందుకి తూలారు. వెనక ఎవడో హారన్ మోగించాడు.

“ఏమైంది మేడమ్? అడ్డం ఎవరూ లేరే!”

“ఉన్నాను,” అంది అమ్మ, కాలు ఇంకా బ్రేకు మీదే ఉంచి. “నేనే ఆ మహాతల్లిని. వెనక కూర్చున్నది ఆయన కూతురు. ఏ పన్ను పీకుతారో చెప్పండి, నోరు తెరుస్తాను.”

పాపం డాక్టరు రంగు పోయింది. అమ్మ వైపు చూశాడు, వెనక్కి తిరిగి పిచ్చుకని చూశాడు, ఆమె సంచి మీది తలుపు బొమ్మని చూశాడు. “నాకు… ఇక్కడ దగ్గర్లో పనుంది మేడమ్,” అని బెల్టు విప్పుకుని దిగి, క్లినిక్ ఏ వైపో కూడా చూసుకోకుండా గబగబా నడిచిపోయాడు. వెనక హారన్లు పెరిగాయి.

“ముందుకి రా,” అంది అమ్మ. “ఇక్కడ బండి ఆపకూడదు.”

“నేను నీ స్టూడెంటుని కాదు.”

“కాదు. అందుకే ఇలా తయారయ్యావు. ముందుకి రా.”

పిచ్చుక దిగి, వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. గేరు మార్చి కారు కదిలించింది.

*

“అతను అన్నదాంట్లో తప్పేముంది?” అంది పిచ్చుక. “ఊరంతా అదే అంటుంది. బళ్ళో పిల్లలు అదే అన్నారు. ‘మీ అమ్మ లేచిపోయిందటగా, మీ నాన్న పాట రాశాడటగా’ అని పాడి మరీ వినిపించారు. నేను ఏడుస్తూ ఇంటికొస్తే ఒళ్ళో పెట్టుకున్నది పిన్ని. నువ్వు కాదు.”

“ఎడమ వైపుకి పోనీ.”

“నేను మాట్లాడుతుంటే…”

“మాట్లాడుతూనే పోనీ. నోటికీ స్టీరింగుకీ సంబంధం లేదు.”

కారు పాత ఫ్యాక్టరీ గోడ పక్క రోడ్డులోకి తిరిగింది. అక్కడ మనుషులు తక్కువ. గోడ నీడలో అమ్మ బండి ఆపించింది. తాళం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“సరే. ఇప్పుడు నేను అడుగుతాను,” అంది. “ఆ పాటలు నువ్వు ఎన్నిసార్లు విని ఉంటావు?”

“లెక్కలేదు. నిద్రలో లేపినా చెప్తాను, ఏ పాటలో ఏ తీగ ఎక్కడ మోగుతుందో.”

“అయితే చెప్పు. ‘మెట్ల మీద’ పాటలో ఆమె ఏం చేస్తుంది?”

“మెట్లెక్కి వస్తుంది. మధ్యలో ఆగుతుంది. జడ ముందుకి వేసుకుని మళ్ళీ ఎక్కుతుంది. ‘ఆగిన మెట్టు దగ్గర నా ఆయువు ఆగుతుంది’ అంటాడు.”

“మనింటికి మెట్లెక్కడివే?”

పిచ్చుక మనసులోనే ఆ ఇంట్లోకి నడిచింది.  ఆ ఇల్లు ఆమెకి ఇప్పటికీ ఇల్లే. నాన్న, పిన్ని, ఆమె, ముగ్గురూ అందులోనే ఉంటున్నారు. వీధిలోంచి నేరుగా గదిలోకి. గదిలోంచి వంటింట్లోకి. గుమ్మానికి ఒక్క మెట్టు కూడా లేదు. వాన పడితే నీళ్ళు లోపలికి వస్తాయి.

“అది… పాట. కవిత్వం. ఉన్నదే రాయాలని ఏముంది?”

“నా జుట్టు ఎప్పుడైనా జడంత పెరిగిందా? పెళ్ళి ఫోటోలో కూడా చెవుల దాకానే ఉంటుంది. చూసే ఉంటావుగా? ఇంత చెవులున్నదానివి, ఇంత కళ్ళున్నదానివి, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదా?”

“అనుమానం ఎందుకు రావాలి? నువ్వు పోయావు, ఆయన పాడాడు!”

“తప్పు,” అంది అమ్మ. గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట మొహం మీద కొట్టినట్టు తగిలింది. “ఆయన పాడాడు, నేను పోయాను.”

గోడ అవతల ఏదో యంత్రం ఆగి ఆగి మోగుతోంది. 

“రికార్డింగు ముగిసిన రోజు మధ్యాహ్నం క్యాసెట్టు తెచ్చి వంటింట్లో పెట్టాడు,” అంది అమ్మ. “నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. నువ్వు నా కాళ్ళ దగ్గర కూర్చుని గిన్నె మీద గరిటెతో వాయిస్తున్నావు. విని ఎలా ఉందో చెప్పు, నీ చెవి నిజం చెప్తుంది అన్నాడు. విన్నాను. మొదటి పాటకే అర్థమైంది, ఇది నా గురించి కాదని. నేను ఇంట్లోనే ఉన్నానుగా మరి! ఉన్నదాని కోసం ఎవడైనా అలా ఏడుస్తాడా? ఉల్లిపాయలు పక్కన పెట్టి మొత్తం విన్నాను. ఆఖరున అడిగాడు, ఎలా ఉంది అని. బావుంది అన్నాను.”

“అబద్ధం చెప్పావా?”

“లేదు. బావుంది. అదే నా ఖర్మ.” అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. “చెత్తగా ఉంటే చెత్తబుట్టలో పడేసి, నాలుగు తిట్లు తిట్టి, అక్కడే కాపురం చేసుకుంటూ ఉండేదాన్నేమో. మొగుళ్ళ పిచ్చి చూడని ఆడవాళ్ళు ఎంతమంది? కానీ అది అంత నిజం. ‘రెండో కప్పు’లో గిటారు తీగ ఒకటే చోట టప్ టప్‌మని కొట్టుకుంటుంది చూడు. అది మన వంటింటి కుళాయి. బాగుచేయించమని నేను పోరి పోరి విసిగిపోయిన కుళాయి. దాన్ని కూడా ఎత్తుకెళ్ళి ఆమెకిచ్చేశాడు. వయొలిన్, పాడేవాడి మాట దాటుకుని ముందుకి పోయి ఏడుస్తుందే, ‘ఉప్పు’ పాటలో, ఆ చోటు వస్తే నేను ఇవాళ్టికీ బండి పక్కకి ఆపి వింటాను. అంత బాగా పాడినవాణ్ణి ఏమని నిలదీస్తావు? పాట అబద్ధమంటే నా చెవి ఒప్పుకోదు. పాట నిజమంటే నేను ఆ ఇంట్లో ఎవర్ని?”

పిచ్చుకకి జాలి కలగాలి. కలగలేదు. లోపల ముప్పై ఏళ్ళ మంట ఒకటి ఇంకో దారి వెతుక్కుంది.

“మరి నన్నెందుకు వదిలేశావు? ఆయన తప్పు చేశాడే అనుకో. నేనేం చేశాను?”

అమ్మ మొదటిసారి ఆమె వైపు తిరిగింది. “తీసుకెళ్ళాను.”

“అబద్ధం.”

“తీసుకెళ్ళాను. బస్టాండు వెనక ఒక గది. అప్పటికే పాటలు రేడియోలో ఊదరగొడుతున్నారు. కింద కొట్టువాడి రేడియోలో మీ నాన్న గొంతు వినపడేసరికి నువ్వు చేతిలో ముద్ద పారేసి, నాన్న దగ్గరికి పోదామని నేల మీద పడి దొర్లావు. రోజూ అదే. తిండి మానేశావు. ఒళ్ళు కాలిపోయింది. కొట్టువాణ్ణి రేడియో కట్టెయ్యమని అడిగితే, ‘పాపం ఆయన పెళ్ళాం వదిలేసి పోయిందట, మంచి పాటలమ్మా’ అన్నాడు. ఆఖరికి నేనే ఎత్తుకొచ్చి ఆ గుమ్మంలో దించాను. నువ్వు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆ పాటలు నా మొగుణ్ణే కాదే, నా కూతుర్నీ పట్టుకుపోయాయి.”

“నాకేం గుర్తులేదు,” అంది పిచ్చుక.  “ఇదంతా ఇప్పుడు అల్లి చెప్తున్నావేమో నాకేం తెలుసు? ఎవరామె? పేరు చెప్పు. ఆల్బమ్ తీసి ముప్పై ఏళ్ళు, ఎవరూ ఒక్కమాట అనలేదే. వాయించినవాళ్ళు అనలేదు, పిన్ని అనలేదు…”

“పేరు నేను చెప్పను. చెప్తే, ‘కక్షకొద్దీ చెప్తోంది’ అంటావు. నీ చెవుల్నే అడుగు.” అమ్మ తాళం మళ్ళీ దూర్చి తిప్పి కారు ప్లేయరు వెలిగించింది. “నువ్వు కడిగి తెచ్చిన కొత్త ఆల్బమ్ ఉందిగా నీ దగ్గర. పెట్టు. ఆ తలుపు కిర్రుమనే చోటు పెట్టు.”

పిచ్చుక ఫోను తీసి కలిపింది. ఆ చోటు ఆమెకి అరచేతి గీతలా తెలుసు. అభిమానులు ప్రాణం పెట్టే చోటది. పాత టేపులో గరగరల మధ్య మాసిపోయి ఉన్న ఆ కిర్రుని, మిగతా శబ్దాల్లోంచి వెంట్రుకలా ఊడదీసి, శుభ్రం చేసి, మెరుగుపెట్టి నిలబెట్టింది తనే. ఆ పని చూసి స్టూడియోవాళ్ళు చప్పట్లు కొట్టారు.

పాట మొదలైంది. గిటారు నడుస్తున్న అడుగుల్లా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతోంది. వయసులో ఉన్న నాన్న గొంతు, ఏ పుండూ లేని గొంతు, మెట్టు మెట్టుకీ ఒక మాట దించుతోంది. తర్వాత వయొలిన్ తగ్గింది. గిటారు ఆగింది. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో సన్నటి కిర్రు.

“మళ్ళీ,” అంది అమ్మ.

మళ్ళీ పెట్టింది.

“తలుపు అని ఎవరన్నారు నీకు?”

“అందరూ…”

“అందరికీ చెవుల్లేవు. నీకున్నాయి. మళ్ళీ.”

పిచ్చుక కళ్ళు మూసుకుంది. కిర్రు పైకి లేచి, చివర్న చిన్నగా తెగింది. తలుపు శబ్దం అలా తెగదు. కొయ్య రాసుకుంటే మోత ఒకే తీరున సాగుతుంది. ఇది లోపలికి పోయి, ఒక క్షణం నిలబడి, మళ్ళీ బయటికి వచ్చింది. వచ్చేటప్పుడు సన్నటి ఈల. ఛాతీలోంచి వచ్చే ఈల.

పిల్లికూతలు.

చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేది పిచ్చుక. చలికాలంలో మరీ ఎక్కువయ్యేది. ‘నీ లోపల పిల్లిపిల్ల ఉందా పిన్నీ?’ అని చెవి ఆనించి వినేది. ‘ఉంది, దానికి నువ్వంటే భలే ఇష్టం’ అని పిన్ని ఆయాసంలోనే నవ్వేది. ఇప్పటికీ పిన్ని అంగడి నుంచి వచ్చి, సంచి దించి, గోడకి చెయ్యి ఆనించి అలాగే ఊపిరి తీస్తుంది. అలాగే, చివర్న చిన్నగా తెగే ఈలతో. నడుము దాకా ఉన్న జడ, ఇప్పుడు పలచబడింది గానీ, ఇంకా ముందుకే వేసుకుంటుంది.

పిచ్చుక పాట ఆపలేదు.  చివరి చరణం దానంతట అదే పాడుకుంటూ పోయింది.

“నేను దాంతో ఒకే మంచం మీద పడుకుని పెరిగాను,” అంది అమ్మ. “ఆ ఊపిరి నాకు క్యాసెట్టు గరగరలో కూడా తెలిసింది. నీకు కడిగి తుడిచాక కూడా తెలియలేదు.”

“నోరుముయ్,” అంది పిచ్చుక. తల్లిని ఎప్పుడూ అనని మాట అది. “నువ్వు చెప్పేది నేను నమ్మను. వదిలేసి పోయిన మనిషి కోసం ఏడ్చిన పాటలంటున్నావుగా? మరి వదిలేసి పోయిన మనిషి ఊపిరి రికార్డింగులో ఎలా ఉంటుంది? పోయిన మనిషి మైకు ముందుకి ఎందుకొస్తుంది?”

అమ్మ చెయ్యి చాచి ప్లేయరు ఆపేసింది.  ఇంతసేపూ కత్తిలా ఉన్న మనిషి, ఆ ఒక్క ప్రశ్న దగ్గర మొద్దుబారిపోయింది.

“అది నాకూ తెలియదు,” అంది మెల్లిగా. “సోమవారం తర్వాత ఆయన్ని అడిగినా జవాబు వినపడదు. టికెట్టు అందుకే కొన్నాను. ఇప్పుడు అర్థమైందా, తమాషా చూడ్డానికి కాదని?”

పిచ్చుక కారు హాలు వైపు తిప్పింది. ఆ తిప్పడంలో చక్రం గట్టు ఎక్కి దిగింది. అమ్మ బ్రేకు తొక్కలేదు.

*

మధ్యాహ్నం హాల్లో రిహార్సలు. కుర్చీలన్నీ ఖాళీ. పైన ఒక్క దీపం వరస మాత్రమే వెలుగుతోంది. వేదిక మీద ఎత్తు స్టూలు, దాని మీద నాన్న. మెడకి మఫ్లరు, ఒళ్ళో గిటారు. ‘ఉప్పు’ పాడుతున్నాడు. గొంతు చిరిగిపోయింది. పై స్వరాలు అందక కిందనుంచి పోతున్నాడు. కానీ ఒక్కొక్క మాటా నిలబెట్టి వదులుతుంటే, ఖాళీ కుర్చీలు కూడా వింటున్నట్టుంది. పిచ్చుకకి కోపం ఎంత ఉన్నా ఆ చోట కాళ్ళు ఆగిపోయాయి. పక్కన అమ్మ కూడా ఆగింది. ఒక్క నిమిషం ఇద్దరూ కళ్ళు ఎటూ తిప్పకుండా ఆ పాట విన్నారు. ఆ నిమిషం తమ మధ్య ఉన్నందుకు ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఇంకా కోపం వచ్చింది.

వేదిక పక్క నుంచి పిన్ని వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. దారి మధ్యలో నిలబడ్డ ఇద్దర్నీ చూసింది. ఫ్లాస్కు నెమ్మదిగా కింద పెట్టింది.

“అక్కా.”

“జడ పలచబడింది,” అంది అమ్మ.

“నువ్వేం మారలేదు. వస్తూనే కత్తి తీస్తావు.”

“నాది కత్తి అయితే నీది ఏమిటే? ముప్పై ఏళ్ళు నా ఇంట్లో, నా వంటింట్లో, నా కూతురి పక్కన పడుకుని, నా పేరు మీద ఊరు ఉమ్మేస్తుంటే తుడవకుండా చూశావు.”

“చెప్పేశావా దీనికి?”

“చెప్పలేదు. అదే వింది.”

పిన్ని పిచ్చుక వైపు తిరిగింది. ఆ చూపులో భయం కంటే అలసట ఎక్కువగా ఉంది. “ఏం విన్నావే?”

“పిల్లికూతలు, పిన్నీ,” అంది పిచ్చుక.

పిన్ని వేదిక అంచు మీద కూర్చుండిపోయింది. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గట్టిగా ఒక ఊపిరి లోపలికి తీసుకుంది. ఖాళీ హాల్లో ఆ సన్నటి ఈల చివరి వరస దాకా వినిపించింది. స్టూలు మీద నాన్న వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి.

“ఎంతవరకు తెలుసు అక్కా నీకు?” అంది పిన్ని.

“సగం. మిగతా సగం కోసమే వచ్చాను. అది చెప్పాక నేను నీ మొహం చూడను, నువ్వు నా మొహం చూడక్కర్లేదు.”

“సగం కాదు. నీకు తెలిసింది అంతకంటే తక్కువ.” పిన్ని లేచి నిలబడి, పిచ్చుక చెయ్యి పట్టుకోబోయింది. పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుంది. పిన్ని చెయ్యి గాల్లోనే ఒక క్షణం ఉండి కిందికి వాలింది. “ఆ రోజు రికార్డింగు గదికి నేను మెట్లెక్కి పోయింది ఆయన కోసం కాదే. ఆ గదిలో ఇంకొక మనిషి ఉంది. ఆమె…”

“వద్దు.”

ఆ మాట నాలుగు మూలల స్పీకర్లలోంచీ ఒక్కసారిగా వచ్చింది. చిరిగిన గొంతు, కానీ ఊరంతా ఎరిగిన గొంతు. నాన్న గిటారు పక్కకి జరిపి, మైకుని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

“వద్దు. పిచ్చుక ముందు వద్దు. బతిమాలుతున్నాను.”

పిన్ని వెనక్కి తిరగలేదు. పిచ్చుక కళ్ళలోకే చూస్తూ అంది:

“మైకు ఆపు బావా. ఇది పాట కాదు.”